విండోస్‌లో షెల్ స్క్రిప్ట్ మొరాయిస్తే ముందు చూడాల్సింది స్క్రిప్ట్‌ని కాదు

మీరు రాసింది నాకు అర్థమైనంత వరకు ఇది. లినక్స్ సర్వర్ మీద చాలాకాలంగా బాగా నడుస్తున్న బ్యాకప్ స్క్రిప్ట్‌ని విండోస్ ల్యాప్‌టాప్‌కి తెచ్చుకున్నారు. డబ్ల్యుఎస్ఎల్‌లో, అంటే విండోస్ లోపలే లినక్స్‌ని నడిపే ఏర్పాటులో రన్ చేస్తే, ఫైల్ ఎదురుగా కనిపిస్తున్నా ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అంటోంది. కోడ్ మార్పుల్ని భద్రపరిచే గిట్‌తో పాటు వచ్చే గిట్ బాష్‌లో మొదలవుతోంది గానీ, డాకర్‌కి (ప్రోగ్రాముల్ని కంటైనర్లనే విడి డబ్బాల్లో నడిపే టూల్) ఇచ్చిన పాత్, అంటే ఫైల్ చిరునామా కాస్తా ‘ప్రోగ్రామ్ ఫైల్స్’ లోపలి పాత్‌గా మారిపోతోంది. ఎలాగోలా నడిపినా విపరీతంగా నెమ్మదిగా సాగుతోంది. పనుల్ని చెప్పిన వేళకి నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో పెడితే అసలు ఏ చప్పుడూ లేదు. ఏ లైన్ మార్చాలో చెప్పమన్నారు.

ప్రస్తుతానికి ఒక్క లైన్ కూడా మార్చకండి. సర్వర్‌లో సరిగ్గా పనిచేస్తున్న లాజిక్ విండోస్‌లోకి రాగానే చెడిపోదు. చెడేది సరిహద్దులో. అంటే యూనిక్స్ తరహా ప్రోగ్రామ్, విండోస్ ప్రోగ్రామ్ ఒకదానికొకటి ఫైల్‌నో, పాత్‌నో, పర్మిషన్‌నో అందించుకునే చోట. మీరు చెప్పిన నాలుగు సమస్యలూ అలాంటివే. ఇది తెలియక చాలామంది కోట్స్ మార్చి, ఎకోలు పెట్టి, ఇఫ్‌లు తిరగరాసి, చివరికి సర్వర్‌లో కూడా నడవని స్థితికి స్క్రిప్ట్‌ని తెచ్చుకుంటారు. అసలు కాపీని పక్కన భద్రంగా పెట్టుకుని మొదలుపెట్టండి.

మొట్టమొదట తేల్చుకోవాల్సింది, మీ స్క్రిప్ట్‌ని నడుపుతున్నది ఏ బాష్ అన్నది. బాష్ అంటే షెల్ కమాండ్లని చదివి నడిపే ప్రోగ్రామ్. విండోస్‌లో బాష్ అనే పేరుతో కనీసం మూడు వేర్వేరు సంగతులు ఉంటాయి. 2016లో వచ్చిన డబ్ల్యుఎస్ఎల్ మొదటి వెర్షన్ లినక్స్ సిస్టమ్ కాల్స్‌ని, అంటే ప్రోగ్రాములు సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్‌ని అడిగే పనుల్ని, విండోస్ కెర్నల్‌కి అర్థమయ్యేలా మార్చి ఇచ్చేది. 2019లో ప్రకటించిన రెండో వెర్షన్ చిన్న వర్చువల్ మెషీన్‌లో అసలైన లినక్స్ కెర్నల్‌నే నడుపుతుంది. గిట్ బాష్ అలా కాదు. అది ఎంసిస్2 మీద కట్టింది, ఎంసిస్2 సిగ్విన్ నుంచి వచ్చింది. రెండూ యూనిక్స్ టూల్స్‌ని విండోస్‌లో నడిపే ఏర్పాట్లు. వీటిలో లినక్స్ ఏమీ లేదు. ఇవి విండోస్ ప్రోగ్రాములే, మధ్యలో ఒక డీఎల్ఎల్ (విండోస్ లైబ్రరీ ఫైల్) కూర్చుని యూనిక్స్ పద్ధతిని అనుకరిస్తుంది. ఒకచోట పనిచేసిన చిట్కా మరోచోట పనిచేయకపోవడానికి కారణం ఇదే. ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో సగం, ఏ బాష్ గురించి చెబుతున్నారో చెప్పకుండానే రాసినవి.

కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘వేర్ బాష్’ అని కొట్టండి. ఎన్ని బాష్‌లు ఉన్నాయో, ఏది ముందు దొరుకుతుందో వరుసగా చూపిస్తుంది. సిస్టమ్32 ఫోల్డర్‌లో ఉన్నది డబ్ల్యుఎస్ఎల్‌ని లేపే బాష్. గిట్‌తో వచ్చింది గిట్ ఫోల్డర్ లోపల ఉంటుంది. మీరు గిట్ బాష్ నడుస్తోందనుకుంటూ ఉంటే, ప్రాంప్ట్‌లో బాష్ అని కొట్టగానే లేచేది డబ్ల్యుఎస్ఎల్ కావచ్చు. స్క్రిప్ట్ లోపలి నుంచి తెలుసుకోవాలంటే ‘యూనేమ్’ చాలు. గిట్ బాష్‌లో సాధారణంగా ‘మింగ్‌డబ్ల్యు64’తో మొదలయ్యే పేరు, సిగ్విన్‌లో ‘సిగ్విన్’తో మొదలయ్యే పేరు, డబ్ల్యుఎస్ఎల్‌లో ‘లినక్స్’ వస్తుంది. స్క్రిప్ట్ మొదట్లోనే దీన్ని లాగ్‌లో రాయించడం అలవాటు చేసుకోండి. తర్వాత ఎప్పుడు ఏది ఆగినా మొదటి ప్రశ్నకు జవాబు లాగ్‌లోనే ఉంటుంది.

ఇప్పుడు మీ మొదటి ఎర్రర్. ఫైల్ ఉంది, ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్‌లో కనిపిస్తోంది, అయినా లేదంటోంది. ఇక్కడ లేనిది మీ ఫైల్ కాదు. స్క్రిప్ట్ మొదటి లైన్‌లో #!/బిన్/బాష్ అని ఉంటుంది కదా, కెర్నల్ ఆ లైన్ చదివి అక్కడ చెప్పిన ప్రోగ్రామ్‌ని వెతుకుతుంది. యూనిక్స్‌లో లైన్ చివర ఉండేది ఒక్క బైట్, లైన్ ఫీడ్, దాని విలువ 10. విండోస్‌లో దానికి ముందు ఇంకో బైట్ చేరుతుంది, క్యారేజ్ రిటర్న్, విలువ 13. మీ ఫైల్ విండోస్ పద్ధతిలో సేవ్ అయి ఉంటే కెర్నల్‌కి కనిపించే ప్రోగ్రామ్ పేరు ‘బాష్’ కాదు, ‘బాష్’ ప్లస్ కంటికి కనిపించని ఆ 13వ నంబర్ బైట్. అలాంటి పేరుతో ప్రోగ్రామ్ ఎక్కడా లేదు. అందుకే లేదంటోంది. పాత బాష్ వెర్షన్లు ‘బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్’ అని కాస్త సూచన ఇచ్చేవి, 5.2లో అది ‘రిక్వైర్డ్ ఫైల్ నాట్ ఫౌండ్’ అని మారింది. డాకర్ కంటైనర్ ఎంట్రీపాయింట్‌లో, అంటే కంటైనర్ లేవగానే నడిచే స్క్రిప్ట్‌లో ఇదే జరిగితే మాత్రం ‘నో సచ్ ఫైల్’ అని తప్ప మరో ముక్క చెప్పదు. దాంతో జనం డాకర్‌ఫైల్‌లో కాపీ లైన్‌ని పదేపదే మార్చి చూస్తుంటారు.

ఈ క్యారేజ్ రిటర్న్ చేసే అల్లరి చాలా రకాలుగా ఉంటుంది, ఎర్రర్ రూపం చూసి గుర్తుపట్టడం నేర్చుకుంటే ఎంతో టైమ్ మిగులుతుంది. స్క్రిప్ట్‌ని ‘బాష్’ అని ముందు పెట్టి నడిపితే మొదటి లైన్ గండం తప్పుతుంది గానీ ఖాళీ లైన్ల దగ్గరే ‘కమాండ్ నాట్ ఫౌండ్’ వస్తుంది. ఖాళీ లైన్ నిజంగా ఖాళీ కాదు మరి. ఫర్ లూప్‌లో ‘డూ’ అన్న మాటకు ఆ బైట్ అతుక్కుంటే బాష్ దాన్ని కీవర్డ్‌గా గుర్తించదు, సింటాక్స్ ఎర్రర్ అంటుంది. పొడవైన కమాండ్‌ని విడగొట్టడానికి లైన్ చివర \ పెట్టి ఉంటే, ఆ గుర్తు లైన్ ఫీడ్‌ని కాకుండా క్యారేజ్ రిటర్న్‌ని పట్టుకుంటుంది. కమాండ్ అక్కడికక్కడే తెగిపోయి, తర్వాతి లైన్‌లోని ఆప్షన్‌ని బాష్ కొత్త కమాండ్ అనుకుంటుంది.

వీటన్నిటికంటే చిక్కైనది వేరియబుల్ విలువలో దూరినప్పుడు. ఎర్రర్ ఏమీ రాదు, ఫలితం తప్పుతుంది. పరీక్షించడానికి ఆ వేరియబుల్‌ని చతురస్ర బ్రాకెట్ల మధ్య పెట్టి ఎకో చేయండి. విలువ ‘లాగ్స్’ అనుకుందాం. మామూలుగా [లాగ్స్] అని రావాలి. స్క్రీన్ మీద ]లాగ్స్ అని వచ్చిందంటే దొంగ దొరికినట్టే. టెర్మినల్ ముందు [లాగ్స్ అని రాసింది, క్యారేజ్ రిటర్న్ రాగానే కర్సర్ లైన్ మొదటికి వెళ్లింది, మూసే బ్రాకెట్ వచ్చి తెరిచే బ్రాకెట్ మీద పడింది. ఎర్రర్ మెసేజ్ మొదటి అక్షరాలు మాయమై, మధ్యలో నుంచి మొదలైనట్టు కనిపిస్తే కూడా కారణం ఇదే.

ఊహించకుండా బైట్లని కళ్లారా చూడండి. ‘ఫైల్’ కమాండ్‌కి స్క్రిప్ట్ పేరు ఇస్తే ‘సీఆర్ఎల్ఎఫ్ లైన్ టెర్మినేటర్స్’ అని చెబుతుంది. సీఆర్ అంటే క్యారేజ్ రిటర్న్, ఎల్ఎఫ్ అంటే లైన్ ఫీడ్. ‘క్యాట్’కి పెద్దక్షరం ఏ ఆప్షన్ ఇస్తే ప్రతి లైన్ చివర $ గుర్తు వస్తుంది, విండోస్ ఫైల్ అయితే దానికి ముందు ^ గుర్తు, ఎం అక్షరం కనిపిస్తాయి. ‘ఓడీ’కి చిన్న సీ ఆప్షన్ ఇస్తే ఒక్కో బైట్ విడివిడిగా చూపిస్తుంది. నేనైతే అనుమానం వచ్చిన ప్రతిసారీ ముందు ఓడీకే వెళ్తాను, దాని దగ్గర దాపరికం ఉండదు.

సరిచేయడం సులభం. ‘డాస్2యూనిక్స్’ ఉంటే ఫైల్ పేరు ఇస్తే చాలు. లేకపోతే ‘సెడ్’తో ప్రతి లైన్ చివరి క్యారేజ్ రిటర్న్ తీసేయండి, లేదా ‘టీఆర్’కి చిన్న డీ ఆప్షన్ ఇచ్చి ఆ బైట్‌ని తొలగించి కొత్త ఫైల్‌గా రాయించండి. వీఎస్ కోడ్‌లో అయితే కింద కుడి మూలన సీఆర్ఎల్ఎఫ్ అని ఉంటుంది, నొక్కి ఎల్ఎఫ్‌కి మార్చి సేవ్ చేయాలి. నోట్‌ప్యాడ్ కూడా విండోస్ 10 2018 చివరి అప్‌డేట్ నుంచి యూనిక్స్ లైన్లని పాడుచేయకుండా తెరుస్తుంది.

కానీ ఇక్కడితో ఆపితే మళ్లీ వస్తుంది. ఎందుకంటే ఫైల్‌ని మార్చింది బహుశా మీరు కాదు, గిట్. విండోస్‌లో గిట్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మొదటి ఆప్షన్‌ని అలాగే వదిలేస్తే, ‘ఆటోసీఆర్ఎల్ఎఫ్’ సెట్టింగ్ ఆన్ అవుతుంది. రిపోజిటరీలో, అంటే గిట్ తన దగ్గర దాచుకునే నిల్వలో, ఎల్ఎఫ్‌గా ఉన్న ఫైల్ మీ డిస్క్ మీదికి దిగేటప్పుడు సీఆర్ఎల్ఎఫ్ అవుతుంది. మీరు ఎన్నిసార్లు బాగుచేసినా తర్వాతి చెకౌట్‌లో, అంటే గిట్ ఫైళ్లని మళ్లీ డిస్క్ మీదికి దించినప్పుడు, మళ్లీ అంతే. ఒక్కొక్కరి కంప్యూటర్‌లో ఈ సెట్టింగ్ మార్చుకుంటూ పోవడం నాకు నచ్చదు, టీమ్‌లోకి కొత్త మనిషి రాగానే కథ మొదటికొస్తుంది. రిపోజిటరీలోనే ‘గిట్ఆట్రిబ్యూట్స్’ ఫైల్ పెట్టి, ఎస్‌హెచ్ ఎక్స్‌టెన్షన్ ఉన్న ప్రతి ఫైల్ టెక్స్ట్ అని, దాని లైన్ ఎండింగ్ ఎప్పుడూ ఎల్ఎఫ్ అని ఒక లైన్ రాయండి. తర్వాత ‘గిట్ యాడ్’కి రీనార్మలైజ్ ఆప్షన్ ఇచ్చి కమిట్ చేయండి. ఒక్క జాగ్రత్త. ఇప్పటికే డిస్క్ మీదున్న కాపీ దానంతటది మారదు. ఆ ఫైల్‌ని డిలీట్ చేసి మళ్లీ చెకౌట్ చేస్తేనే కొత్త రూల్ దానికి వర్తిస్తుంది. రూల్ పెట్టినా పనిచేయలేదని అనేవాళ్లలో ఎక్కువమంది ఆగిపోయేది ఈ మెట్టు దగ్గరే.

గిట్ బాష్‌లో ఎందుకు నడిచింది మరి అంటారేమో. దానిలోని బాష్‌ని విండోస్ లైన్ ఎండింగ్స్‌ని చాలావరకు సహించేలా మార్చి పెట్టారు. సిగ్విన్ బాష్‌లో అదే పనికి ‘ఇగ్‌సీఆర్’ అనే ప్రత్యేక ఆప్షన్ ఉంది. వినడానికి మేలులా ఉంటుంది గానీ, నా దృష్టిలో ఈ సహనం కీడే ఎక్కువ చేస్తుంది. మీ దగ్గర నడిచిందని ధైర్యంగా పంపిన ఫైల్ కంటైనర్‌లోనో సర్వర్‌లోనో కూలబడుతుంది.

స్క్రిప్ట్ శుభ్రమయ్యాక అది చదివే ఫైళ్ల సంగతి చూడండి. ఎక్సెల్‌లో సేవ్ చేసిన సీఎస్‌వీలో ప్రతి లైన్ చివరి కాలమ్‌కి క్యారేజ్ రిటర్న్ అతుక్కుని ఉంటుంది. మొదటి కాలమ్స్ అన్నీ సరిగ్గా పోలుతాయి, చివరిది మాత్రం ఎప్పటికీ మ్యాచ్ కాదు. ఇంకా టెన్షన్ పెట్టేది సెట్టింగ్స్ దాచే ‘ఎన్వ్’ ఫైల్. పాస్‌వర్డ్ అందులో పెట్టి సోర్స్ చేస్తారు, ఫైల్ నోట్‌ప్యాడ్‌లో రాసింది అయితే పాస్‌వర్డ్ చివర అదనపు బైట్ చేరి లాగిన్ ఫెయిలవుతుంది. స్క్రీన్ మీద ప్రింట్ చేసి చూస్తే పాస్‌వర్డ్ అచ్చం సరిగ్గానే కనిపిస్తుంది. డబ్ల్యుఎస్ఎల్ నుంచి విండోస్ ప్రోగ్రామ్‌ని పిలిచి దాని అవుట్‌పుట్‌ని వేరియబుల్‌లో పెట్టుకున్నా ఇదే పరిస్థితి. కమాండ్ సబ్‌స్టిట్యూషన్ చివరి లైన్ ఫీడ్‌ని తీసేస్తుంది, క్యారేజ్ రిటర్న్‌ని ముట్టుకోదు. అలాంటి ప్రతిచోటా అవుట్‌పుట్‌ని టీఆర్ గుండా పంపాలి.

ఇదే కోవలో ఇంకో రెండు కనిపించని శత్రువులు. కొన్ని ఎడిటర్లు యూటీఎఫ్-8 ఫైల్ మొదట్లో బీఓఎం అనే 3 బైట్లు పెడతాయి, వాటి విలువలు 239, 187, 191. అవి ఉంటే మొదటి రెండు అక్షరాలు #! కానట్టే, ‘షీబ్యాంగ్’ అనే ఆ మొదటి లైన్ పనిచేయదు. సేవ్ చేసేటప్పుడు ‘బీఓఎం లేకుండా’ అన్నది ఎంచుకోండి. రెండోది, విండోస్‌తో వచ్చే పవర్‌షెల్ 5.1లో > గుర్తుతో ఫైల్‌లోకి రాస్తే అది యూటీఎఫ్-16లో రాస్తుంది. ఆ ఫైల్‌ని బాష్‌లో చదివితే మాటలు వెతికే గ్రెప్‌కి కళ్లముందున్న మాట కూడా దొరకదు, బాష్ ‘నల్ బైట్‌ని వదిలేశాను’ అని వార్నింగ్ ఇస్తుంది. ఫైల్ సైజు మీరు అనుకున్నదానికి సుమారు రెట్టింపు ఉంటే ఇదే అనుకోండి.

పాత్‌ల విషయానికి వద్దాం. గిట్ బాష్‌లో /తో మొదలయ్యే ఆర్గ్యుమెంట్‌ని విండోస్ ప్రోగ్రామ్‌కి ఇస్తే, ఎంసిస్ పొర దాన్ని విండోస్ పాత్ అనుకుని మార్చి ఇస్తుంది. గిట్ బాష్ దృష్టిలో / అంటే గిట్ ఇన్‌స్టాల్ అయిన ఫోల్డర్. కాబట్టి కంటైనర్ లోపలి /యాప్ అని మీరు రాసింది, డాకర్ చేతికి చేరేసరికి సి డ్రైవ్‌లోని ప్రోగ్రామ్ ఫైల్స్, గిట్, యాప్ అవుతుంది. చాలాసార్లు ఈ మార్పు మనకు మేలే చేస్తుంది, ఎందుకంటే విండోస్ ప్రోగ్రామ్‌కి యూనిక్స్ పాత్ అర్థం కాదు. కానీ ఆ పాత్ వేరే యంత్రానికి, అంటే కంటైనర్‌కో సర్వర్‌కో చెందినప్పుడు అది చెడగొట్టినట్టే. వాల్యూమ్ మౌంట్‌లో, అంటే మీ ఫోల్డర్‌ని కంటైనర్‌కి చూపించే ఆప్షన్‌లో, కోలన్ కూడా ఉంటుంది కదా, దాన్ని పాత్‌ల జాబితా అనుకుని కోలన్‌ని సెమికోలన్‌గా మార్చేస్తుంది. మీ ప్రాజెక్ట్ ఫోల్డర్ పక్కన ‘;సీ’తో ముగిసే పేరున్న ఖాళీ ఫోల్డర్ కొత్తగా పుట్టిందేమో చూడండి. ఉంటే అది దీని గుర్తే, డిలీట్ చేసేయొచ్చు.

దీనికి మందు ‘ఎంసిస్ నో పాత్‌కన్వ్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, పదాల మధ్య అండర్‌స్కోర్లతో, అన్నీ పెద్దక్షరాల్లో. దాని విలువ 1 అని ఆ డాకర్ కమాండ్‌కి ముందు అదే లైన్‌లో రాయండి. దీన్ని ఎక్స్‌పోర్ట్ చేసి స్క్రిప్ట్ మొత్తానికి వర్తింపజేయమని సలహాలు కనిపిస్తాయి, వద్దు. అవసరమైన చోట జరగాల్సిన మార్పు కూడా ఆగిపోయి వేరే ప్రోగ్రాములు పడిపోతాయి. అయితే మార్పు ఆపాక కోలన్‌కి ఎడమవైపున్న మీ ల్యాప్‌టాప్ పాత్ కూడా మారకుండా వెళ్తుంది. దాన్ని ‘సిగ్‌పాత్’ కమాండ్‌తో మీరే మార్చి ఇవ్వండి. చిన్న ఎం ఆప్షన్ ఇస్తే డ్రైవ్ అక్షరంతో, మామూలు స్లాష్‌లతో వస్తుంది. ఇదే నాకు బాగా నచ్చిన రూపం, ఎందుకంటే \ గుర్తుని బాష్ ఎక్కడ మింగేస్తుందోనన్న భయం ఉండదు. /తో మొదలయ్యే చిన్న ఆప్షన్లున్న విండోస్ కమాండ్లకైతే స్లాష్‌ని రెండుసార్లు కొడితే చాలు.

డబ్ల్యుఎస్ఎల్‌లో ఇలా దానంతటది మార్చే పొర లేదు. సి డ్రైవ్ /ఎంఎన్‌టీ/సీ కింద కనిపిస్తుంది. అక్కడి నుంచి విండోస్ ప్రోగ్రామ్‌కి పాత్ ఇవ్వాలంటే ‘డబ్ల్యుఎస్ఎల్‌పాత్’తో మీరే మార్చాలి. మీ స్క్రిప్ట్‌లో ఫైళ్లని ఒకే ఆర్కైవ్‌గా కట్టే టార్ కూడా ఉంది కాబట్టి ఇంకొకటి. గ్నూ టార్‌కి ఆర్కైవ్ పేరులో కోలన్ కనిపిస్తే దానికి ముందున్నది వేరే కంప్యూటర్ పేరు అనుకుంటుంది. సి డ్రైవ్ పాత్‌ని అలాగే ఇస్తే ‘సి అనే మెషీన్‌కి కనెక్ట్ కాలేకపోయాను’ అన్న అర్థం వచ్చే ఎర్రర్ ఇస్తుంది. ‘ఫోర్స్ లోకల్’ ఆప్షన్ ఇవ్వండి, లేదా యూనిక్స్ రూపంలో పాత్ ఇవ్వండి.

ఒకే పేరుతో రెండు ప్రోగ్రాములు ఉండటం కూడా చూసుకోండి. సిస్టమ్32లో విండోస్‌వే అయిన ‘ఫైండ్’, ‘సార్ట్’ ఉన్నాయి. ప్రోగ్రాముల్ని వెతికే ఫోల్డర్ల జాబితాని కూడా పాత్ అనే అంటారు, ఆ వరుసలో అవి ముందుంటే మీ ఫైండ్ కమాండ్‌కి ‘పారామీటర్ ఫార్మాట్ నాట్ కరెక్ట్’ అని జవాబొస్తుంది. యూనిక్స్ ఫైండ్ ఎప్పుడూ అలా మాట్లాడదు, ఆ మాట వింటేనే అర్థమైపోవాలి. ‘టైప్’ కమాండ్‌కి చిన్న ఏ ఆప్షన్‌తో పేరు ఇస్తే ఏది ఎక్కడుందో వరుసగా చెబుతుంది. పైథాన్3 అని పిలిస్తే ప్రోగ్రామ్ నడవకుండా మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకోవడం కూడా ఇలాంటిదే. సెట్టింగ్స్‌లో యాప్ ఎగ్జిక్యూషన్ ఏలియాసెస్ దగ్గర దాన్ని ఆఫ్ చేయండి.

షెల్ పేరుకీ ఇది వర్తిస్తుంది. గిట్ బాష్‌లో ‘ఎస్‌హెచ్’ అన్నా నడిచేది బాషే. ఉబుంటులో 2006 నాటి 6.10 వెర్షన్ నుంచి ఎస్‌హెచ్ అంటే డాష్ అనే వేరే షెల్. మీ స్క్రిప్ట్‌లో జంట చతురస్ర బ్రాకెట్లు ఉన్నాయి, డాష్‌కి అవి తెలియవు. మొదటి లైన్‌లో బాష్ అని స్పష్టంగా రాయండి, నడిపేటప్పుడు కూడా ఎస్‌హెచ్ అని ముందు పెట్టకండి.

నెమ్మదిగా నడవడానికి రెండు చోట్ల రెండు వేర్వేరు కారణాలు ఉన్నాయి, కలిపేసుకోవద్దు. గిట్ బాష్‌లో కారణం ఫోర్క్. యూనిక్స్‌లో ఒక ప్రాసెస్ తన నకలు పుట్టించుకోవడం చాలా చౌక. విండోస్‌లో అలాంటి ఫోర్క్ లేదు, సిగ్విన్ పొర దాన్ని కష్టపడి అనుకరిస్తుంది. మీ లూప్‌లో ఒక్కో ఫైల్‌కి బేస్‌నేమ్, డిర్‌నేమ్, కట్, సెడ్ అని నాలుగు ప్రోగ్రాములు లేస్తున్నాయి. వేల ఫైళ్లకి అది లెక్కేయండి, పైగా కొత్తగా లేచిన ప్రతి ప్రోగ్రామ్‌ని యాంటీవైరస్ తడిమి చూస్తుంది. బేస్‌నేమ్ చేసే పనిని బాష్ తన పారామీటర్ ఎక్స్‌పాన్షన్‌తోనే చేయగలదు. వేరియబుల్ పేరు తర్వాత రెండు # గుర్తులు, ఒక *, ఒక / పెడితే చివరి స్లాష్ వరకూ ఉన్నదంతా పోయి ఫైల్ పేరు మిగులుతుంది. ప్రోగ్రామ్ ఏదీ లేవదు. మీ స్క్రిప్ట్ లాజిక్‌లో నేను నిజంగా మార్చమనేది ఇదొక్కటే. ఇది సర్వర్‌లోనూ మేలే చేస్తుంది.

డబ్ల్యుఎస్ఎల్ రెండో వెర్షన్‌లో ఫోర్క్ బాధ లేదు. అక్కడ నెమ్మది /ఎంఎన్‌టీ/సీ దగ్గర. విండోస్ డిస్క్ మీది ప్రతి ఫైల్ కోసం లినక్స్ వైపు నుంచి 9పీ అనే నెట్‌వర్క్ తరహా ప్రోటోకాల్ మీదుగా అడిగి తెచ్చుకోవాలి. చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే అక్కడే కాలమంతా పోతుంది. ప్రాజెక్ట్‌ని లినక్స్ హోమ్ డైరెక్టరీలోకి కాపీ చేసి అక్కడ నడపండి. తేడా మీకే తెలుస్తుంది. విండోస్ ఎక్స్‌ప్లోరర్ అడ్రస్ బార్‌లో \\డబ్ల్యుఎస్ఎల్$ అని కొడితే ఆ ఫైళ్లు అటు నుంచి కూడా కనిపిస్తాయి.

పర్మిషన్ల సంగతి మీరు అడగలేదు గానీ త్వరలో అడుగుతారు, ఎందుకంటే మీ స్క్రిప్ట్ చివర ఫైల్‌ని వేరే కంప్యూటర్‌కి పంపే ఎస్‌సీపీ ఉంది. /ఎంఎన్‌టీ/సీ మీద ఉన్న ఫైళ్లు మామూలుగా అందరికీ అన్ని హక్కులతో, అంటే 777గా కనిపిస్తాయి. పర్మిషన్లు మార్చే సీహెచ్‌మోడ్ సాధారణంగా ఎర్రర్ ఇవ్వదు, మార్పూ జరగదు. మీ ప్రైవేట్ కీ అక్కడుంటే, ఎస్‌సీపీ వాడుకునే ఎస్ఎస్‌హెచ్ ‘పర్మిషన్లు మరీ బాహాటంగా ఉన్నాయి’ అని దాన్ని వాడనే వాడదు. కీని లినక్స్ హోమ్‌లోకి కాపీ చేసి 600 పెట్టండి. డబ్ల్యుఎస్ఎల్ కాన్ఫ్ ఫైల్‌లో ఆటోమౌంట్ కింద ‘మెటాడేటా’ ఆప్షన్ పెట్టి, డబ్ల్యుఎస్ఎల్‌ని షట్‌డౌన్ చేసి మళ్లీ తెరిస్తే సీహెచ్‌మోడ్ పనిచేస్తుంది గానీ, కీ లాంటివాటికి నేను హోమ్‌నే నమ్ముతాను. గిట్ బాష్‌లో అయితే ఎగ్జిక్యూట్ బిట్ అన్నదే ఉత్తుత్తిది. ఫైల్ మొదట్లో #! ఉంటే నడపదగినదే అనుకుంటుంది. అక్కడి నుంచి కమిట్ చేసిన కొత్త స్క్రిప్ట్ సర్వర్‌లో ‘పర్మిషన్ డినైడ్’ అంటే, ‘గిట్ అప్‌డేట్-ఇండెక్స్’కి సీహెచ్‌మోడ్ ప్లస్ ఎక్స్ ఇచ్చి కమిట్ చేయాలి.

బ్యాకప్ ఫైల్ పేరులో మీరు టైమ్ పెడుతున్నారు, గంటలకీ నిమిషాలకీ మధ్య కోలన్‌తో. విండోస్ ఫైల్ పేర్లలో కోలన్ చెల్లదు. ఈ పొరలు దాన్ని యూనికోడ్‌లోని ప్రైవేట్ అక్షరంగా మార్చి దాచుకుంటాయి, ఎక్స్‌ప్లోరర్‌లో ఆ చోట వింత గుర్తు కనిపిస్తుంది, కొన్ని విండోస్ ప్రోగ్రాములు ఆ ఫైల్‌ని తెరవలేక తికమకపడతాయి. హైఫన్ వాడండి. పెద్దక్షరం, చిన్నక్షరం తేడా కూడా ఇక్కడ పట్టింపులేదు గానీ సర్వర్‌లో ఉంటుందని గుర్తుంచుకోండి. ఇంకా, వేరే ప్రోగ్రామ్ తెరిచి ఉంచిన లాగ్ ఫైల్‌ని లినక్స్‌లోలా డిలీట్ చేయడం విండోస్‌లో తరచూ కుదరదు. ‘డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ’ అంటే ఆ ప్రోగ్రామ్ ఏదో చూసి మూయండి.

ఇవన్నీ చూశాక కూడా ఎక్కడ ఆగుతోందో తెలియకపోతే, స్క్రిప్ట్‌ని బాష్‌కి చిన్న ఎక్స్ ఆప్షన్‌తో ఇచ్చి నడపండి. ప్రతి కమాండ్‌నీ, వేరియబుల్స్ నిండిన తర్వాతి రూపంలో చూపిస్తుంది. విలువలో దాగిన క్యారేజ్ రిటర్న్‌ని కూడా \ఆర్ రూపంలో బయటపెడుతుంది. ‘షెల్‌చెక్’ అనే టూల్‌ని కూడా తప్పకుండా వాడండి. లైన్లలో క్యారేజ్ రిటర్న్ ఉంటే 1017 నంబర్‌తో, బీఓఎం ఉంటే 1082 నంబర్‌తో సూటిగా చెబుతుంది. స్పేస్ ఉన్న యూజర్ ఫోల్డర్ పేరు దగ్గర తెగిపోయే, కోట్స్ లేని వేరియబుల్స్‌ని కూడా పట్టిస్తుంది. సర్వర్‌లో యూజర్ పేరులో స్పేస్ ఉండదు కాబట్టి ఆ తప్పు ఇన్నాళ్లూ బయటపడి ఉండదు.

చివరగా టాస్క్ షెడ్యూలర్. అది ఎస్‌హెచ్ ఫైల్‌ని తనంతట తాను నడపలేదు. ప్రోగ్రామ్ దగ్గర బాష్ పూర్తి పాత్ ఇచ్చి, స్క్రిప్ట్‌ని ఆర్గ్యుమెంట్‌గా ఇవ్వాలి, లేదా ప్రోగ్రామ్‌గా డబ్ల్యుఎస్ఎల్‌ని ఇచ్చి లోపల బాష్‌ని పిలవాలి. గిట్ బాష్ అయితే లాగిన్ షెల్‌గా, అంటే చిన్న ఎల్ ఆప్షన్‌తో పిలవండి, లేకపోతే పాత్‌లో యూనిక్స్ టూల్స్ ముందుకు రావు, ఇందాకటి ఫైండ్ గొడవ మొదలవుతుంది. డబ్ల్యుఎస్ఎల్ డిస్ట్రోలు, అంటే ఉబుంటు లాంటి లినక్స్ రకాలు, ఒక్కో విండోస్ యూజర్‌కి విడిగా ఉంటాయి, కాబట్టి టాస్క్ మీ అకౌంట్ కిందే నడవాలి, సిస్టమ్ అకౌంట్‌కి మీ ఉబుంటు కనిపించదు. లాగిన్ కాకపోయినా నడిచేలా పెడితే మ్యాప్ చేసిన నెట్‌వర్క్ డ్రైవ్‌లు ఉండవు. డ్రైవ్ అక్షరం బదులు \\తో మొదలయ్యే సర్వర్ పాత్ వాడండి, డబ్ల్యుఎస్ఎల్‌లో అయితే ఆ షేర్‌ని విడిగా మౌంట్ చేయాలి.

స్క్రిప్ట్ మొదట్లోనే అవుట్‌పుట్‌నీ ఎర్రర్‌నీ ఒక లాగ్ ఫైల్‌లోకి మళ్లించండి, లేకపోతే ఏ తప్పు జరిగినా గాలిలో కలిసిపోతుంది. లాగ్ ఖాళీగానే ఉంటే షెడ్యూలర్‌లో ‘లాస్ట్ రన్ రిజల్ట్’ కాలమ్ చూడండి. బాష్ ఎగ్జిట్ కోడ్ అక్కడ హెక్సాడెసిమల్‌లో ఉంటుంది. చివర 7ఎఫ్ అని ఉంటే అది 127, అంటే కమాండ్ గానీ స్క్రిప్ట్ ఫైల్ గానీ దొరకలేదు, పాత్ చూడాలి. 7ఈ అయితే 126, ఫైల్ దొరికింది గానీ నడపలేకపోయింది, పర్మిషనో షీబ్యాంగ్ లైనో చూడాలి. 1 అయితే బాష్ దాకా అంతా సవ్యంగా చేరినట్టే, లోపల ఏదో కమాండ్ ఫెయిలైంది, దాని పేరు లాగ్‌లో చివరి లైన్ల దగ్గర దొరుకుతుంది.